మన మేనేజర్ క్లబ్‌లో పదికాలాలు నిలుస్తాడా? వైజాగ్ ఫుట్‌బాల్ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

శని, ఆదివారాల్లో ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఎవరో ఒకరి గదిలో పదిమంది చేరి ప్రీమియర్ లీగ్ చూడటం వైజాగ్‌లో మామూలే. ఒకడు ఆర్సెనల్, ఒకడు లివర్‌పూల్, ఇద్దరు చెల్సీ, మిగతావాళ్లు మాంచెస్టర్ యునైటెడ్. మ్యాచ్ అయ్యాక వాదన మాత్రం అన్ని గదుల్లోనూ ఒకటే: ఈ మేనేజర్‌ని ఉంచాలా, పంపాలా? ఆ వాదనల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నేను యునైటెడ్ మనిషిని. ఆ పక్షపాతం అక్కడక్కడా కనిపిస్తే సర్దుకోండి.

మేనేజర్ అంటే క్రికెట్ కోచ్ లాంటివాడే కదా, ఇంత గొడవ ఎందుకు?

మధురవాడ స్టేడియంలో క్రికెట్ చూసి పెరిగిన ఊరు కాబట్టి కొత్తగా ఫుట్‌బాల్ మొదలుపెట్టిన వాళ్లందరూ ఇదే అడుగుతారు. క్రికెట్‌లో జట్టును సెలెక్టర్లు ఎంపిక చేస్తారు, మైదానంలో నిర్ణయాలు కెప్టెన్ తీసుకుంటాడు, కోచ్ వెనక ఉంటాడు. ఫుట్‌బాల్‌లో ఈ మూడు పనుల్లో ఎక్కువ భాగం ఒక్కడి మీదే పడుతుంది. పదకొండు మందిని ఎంచుకునేది మేనేజరే, ఎలా ఆడాలో చెప్పేదీ అతనే, మ్యాచ్ మధ్యలో ఎవర్ని బయటికి పిలవాలో తేల్చేదీ అతనే. కెప్టెన్ చేతికి పట్టీ కట్టుకుంటాడు, టాస్‌కి వెళ్తాడు, రిఫరీతో మాట్లాడతాడు. అంతకుమించి అతని చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. అందుకే ఓడితే తిట్లన్నీ ఒక్కడికే.

అసలు ‘లాంగ్ టర్మ్’ అంటే ఎన్నేళ్లు?

మా బ్యాచ్‌లో పెద్దవాళ్లు ఈ మాట అనగానే ఫెర్గూసన్, వెంగర్‌ల దగ్గరికి వెళ్లిపోతారు. ఫెర్గూసన్ యునైటెడ్‌లో 1986 నుంచి 2013 వరకు, వెంగర్ ఆర్సెనల్‌లో 1996 నుంచి 2018 వరకు ఉన్నారు. అంతకాలం ఉండే మేనేజర్ ఇప్పుడు దొరకడం కష్టం. క్లోప్ లివర్‌పూల్‌లో 2015 అక్టోబర్ నుంచి 2024 మే వరకు ఉంటేనే అబ్బో అనుకున్నాం.

నా లెక్కలో ఇప్పుడు లాంగ్ టర్మ్ అంటే మూడు నుంచి ఐదేళ్లు. ఈ లెక్కకు ఆధారం ఆటగాళ్ల కాంట్రాక్టులు. వాళ్లను సాధారణంగా నాలుగైదేళ్లకు కొంటారు, వాళ్ల ధరను ఖాతాల్లో అన్నేళ్ల మీద పంచి రాస్తారు. చెల్సీ ఎనిమిదేళ్ల కాంట్రాక్టులు మొదలుపెట్టాక, ధరను ఐదేళ్లకు మించి పంచకూడదని 2023లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ నిబంధన పెట్టింది. అంటే ఒక మేనేజర్ అడిగి కొనిపించిన జట్టు దాదాపు ఐదేళ్లు క్లబ్ మెడకు చుట్టుకునే ఉంటుంది. అతను రెండేళ్లకే పోతే, మిగతా మూడేళ్లు ఇంకొకడి ఇష్టాయిష్టాలతో కొన్న ఆటగాళ్లతో వచ్చినవాడు తంటాలు పడాలి.

ఫెర్గూసన్‌కి టైమ్ ఇచ్చారు కదా, మనోడికీ ఇవ్వొచ్చు కదా?

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. కాబట్టి కాస్త వివరంగా.

ఫెర్గూసన్ 1986 నవంబర్ 6న వచ్చాడు. అప్పటికి యునైటెడ్ 22 జట్లలో 21వ స్థానంలో ఉంది. ఆ సీజన్ 11వ స్థానంతో ముగిసింది. తర్వాత వరసగా 2, 11, 13. మూడేళ్లు దాటినా కప్పు లేదు. 1989 డిసెంబర్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే అభిమానులు అతను దిగిపోవాలని బ్యానర్ కట్టారు. 1990 జనవరిలో ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్ మూడో రౌండ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద మార్క్ రాబిన్స్ గోల్ కొట్టాడు, యునైటెడ్ 1-0తో గెలిచింది. ఆ గోల్‌తోనే అతని ఉద్యోగం నిలబడిందని ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. ఆ మేలో ఎఫ్‌ఏ కప్ వచ్చింది. లీగ్ టైటిల్ రావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ కథ చెప్పేవాళ్లు సగం చెప్పి ఆపేస్తారు. ఆ ఓడిపోయిన సంవత్సరాల్లోనే ఫెర్గూసన్ కుర్రాళ్లను వెతికే వ్యవస్థను మొత్తం మార్చాడు. దాని ఫలితం 1992లో యూత్ కప్ గెలిచిన జట్టు: గిగ్స్, బెక్‌హామ్, గ్యారీ నెవిల్, బట్. పాయింట్ల టేబుల్‌లో ఏమీ కనిపించకపోయినా క్లబ్ లోపలున్న వాళ్లకు ఆ పని కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది. ఊరికే ఓపిక పట్టి కూర్చోలేదు, జరుగుతున్న పని చూసి ఓపిక పట్టారు.

కాబట్టి మీవాడి కోసం ఫెర్గూసన్ పేరు ఎత్తే ముందు ఒకటి చెప్పండి: ఓడుతున్న ఈ రోజుల్లో అతను కడుతున్నది ఏమిటి? దానికి జవాబు ఉంటే టైమ్ అడగండి. టైమ్ ఇచ్చినా ఏమీ సాధించలేక పోయినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు, అందుకే ఓపికకు ఎప్పుడూ ఫలితం ఉంటుందని మనకు అనిపిస్తుంది.

మరి ఆర్సెనల్ మేనేజర్ అర్టెటా సంగతి? ఓపిక పట్టినందుకు ఫలితం దక్కినట్టా, కానట్టా?

సీతమ్మధార ఆర్సెనల్ బ్యాచ్ ఈ ప్రశ్న మీద నిట్టనిలువునా చీలిపోయి ఉంది.

2019 డిసెంబర్‌లో వచ్చాడు. వచ్చిన సీజన్‌లోనే చెల్సీని ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచాడు. లీగ్‌లో మాత్రం మొదటి రెండు సీజన్లూ ఎనిమిదో స్థానమే. 2021-22 మొదలైనప్పుడు మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోల్ కూడా కొట్టకుండా తొమ్మిది ఇచ్చుకుని టేబుల్‌లో చివర నిలబడింది ఆర్సెనల్. చాలా క్లబ్బుల్లో అక్కడే వేటు పడేది. ఆర్సెనల్ ఉంచింది. ఆ సీజన్ ఐదో స్థానం, ఆ తర్వాత వరసగా మూడు సీజన్లు రెండో స్థానం: 84, 89, 74 పాయింట్లు. 2025లో రియల్ మాడ్రిడ్‌ని రెండు మ్యాచ్‌ల్లో కలిపి 5-1తో ఓడించి యూరప్‌లో అతిపెద్ద క్లబ్ పోటీ చాంపియన్స్ లీగ్ సెమీస్‌కి వెళ్లింది, అక్కడ పారిస్ క్లబ్ పీఎస్‌జీ చేతిలో ఓడింది.

ఒక వర్గం అనేది: 89 పాయింట్లు తెచ్చినా మాంచెస్టర్ సిటీ 91 తెచ్చింది, అది మేనేజర్ తప్పు కాదు. ఇంకో వర్గం అనేది: 2020 తర్వాత 2025 మే వరకు పెద్ద కప్పు ఒక్కటీ లేదు, పెళ్లిచూపులతోనే ఎన్నాళ్లు సరిపెట్టుకోవాలి? నా తీర్పు అడిగితే మొదటి వర్గం వైపే. ఒజిల్, ఒబమెయాంగ్ లాంటి పెద్ద పేర్లను పంపించి, సాకా లాంటి సొంత అకాడమీ కుర్రాడి చుట్టూ జట్టు కట్టడం చిన్న పని కాదు. రేపు అర్టెటా వెళ్లిపోయినా ఆ జట్టు అక్కడే ఉంటుంది. నాకు ముఖ్యంగా కనిపించేది అదే.

అసలు ఒక మేనేజర్ క్లబ్‌కి సరిపోతాడా లేదా అని ఎలా తెలుస్తుంది?

ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: అతను రేపు ఉదయం రాజీనామా చేస్తే క్లబ్‌లో ఏం మిగులుతుంది?

ఈ ప్రశ్నకు ఒక క్లబ్ చరిత్రలో చాలా మంచి జవాబుంది, ఇంకో క్లబ్ చరిత్రలో చాలా చెడ్డ జవాబుంది. మంచిది లివర్‌పూల్‌ది. తాను వెళ్లిపోతున్నానని క్లోప్ 2024 జనవరిలోనే చెప్పేశాడు. వేసవిలో ఆర్నె స్లాట్ వచ్చాడు. ఆ వేసవిలో కొన్నవాళ్లలో ఆ సీజన్ జట్టులో చేరింది కియేజా ఒక్కడే, అతను కూడా లీగ్‌లో పెద్దగా ఆడలేదు. అయినా 2024-25 లీగ్ టైటిల్ నాలుగు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే లివర్‌పూల్ చేతికొచ్చింది. మావాళ్లు ‘అత్త సొమ్ము అల్లుడు దానం’ అని స్లాట్‌ని ఎగతాళి చేశారు. అది అన్యాయం. ఉన్న జట్టును పాడుచేయకుండా వాడుకోవడం కూడా పనే, ఆ పని చేతకాక పోయినవాళ్లు బోలెడంతమంది. కానీ అందులో క్లోప్ వాటా తీసేయలేం.

చెడ్డ జవాబు మాది. 2012-13లో యునైటెడ్ 11 పాయింట్ల తేడాతో లీగ్ గెలిచింది, ఫెర్గూసన్ రిటైర్ అయ్యాడు. ఆరేళ్ల కాంట్రాక్టుతో మోయెస్ వచ్చాడు, 2014 ఏప్రిల్‌లో పోయాడు. చాంపియన్ జట్టు ఏడో స్థానానికి పడిపోయింది. తప్పంతా మోయెస్‌దే అని అప్పట్లో ఊరంతా అనుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఫెర్డినాండ్, విడిచ్, ఎవ్రా అందరూ ముప్ఫై దాటినవాళ్లే, గిగ్స్‌కి నలభై. స్కోల్స్ రిటైర్ అయ్యాడు. పైగా క్లబ్ వ్యవహారాలు నడిపే డేవిడ్ గిల్ కూడా ఫెర్గూసన్‌తో పాటే తప్పుకున్నాడు. ఫెర్గూసన్ 13 లీగ్ టైటిళ్లు ఇచ్చాడు, అతన్ని ఒక్క మాట అంటే నేనే ఊరుకోను. కానీ అతను వెళ్లాక క్లబ్ ఎలా నడవాలన్నది ఎవరూ సిద్ధం చేయలేదు. అది మేనేజర్ ఒక్కడి పని కూడా కాదు, యజమానుల పని.

బ్రైటన్ ఇంకో రకం. 2022 సెప్టెంబర్‌లో గ్రాహమ్ పాటర్‌ని చెల్సీ ఎత్తుకుపోయింది. డి జెర్బి వచ్చాడు, ఆ సీజన్‌లోనే బ్రైటన్ ఆరో స్థానంలో నిలిచి చరిత్రలో తొలిసారి యూరప్ పోటీలకు వెళ్లింది. చెల్సీలో పాటర్ ఏడు నెలలు కూడా నిలవలేదు. మనిషి అదే, బుర్ర అదే. ఒకచోట అతనికి సరిపోయే ఏర్పాట్లు ఉన్నాయి, ఇంకోచోట కొత్త యజమానులు, కిక్కిరిసిన స్క్వాడ్. ‘మంచి మేనేజరా?’ అన్న ప్రశ్న, ‘ఈ క్లబ్‌కి మంచి మేనేజరా?’ అన్న ప్రశ్న ఒకటి కావని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు కనిపించలేదు.

కప్పు గెలిచినవాడిని కూడా ఎందుకు పంపేస్తారు?

జాబితా పెద్దదే. వాన్ గాల్ 2016లో ఎఫ్‌ఏ కప్ గెలిచిన రెండు రోజులకే పోయాడు. లెస్టర్‌కి లీగ్ టైటిలే తెచ్చిన రనియెరి తొమ్మిది నెలలకు పోయాడు. డి మాటెయో, తూకెల్ ఇద్దరూ చెల్సీకి చాంపియన్స్ లీగ్ తెచ్చి మరీ పోయారు.

టోటెన్‌హామ్ కథ మరీ విచిత్రం. 2025 మే 21న బిల్బావోలో మమ్మల్నే 1-0తో ఓడించి యూరప్‌లో రెండో అంచె క్లబ్ పోటీ యూరోపా లీగ్ గెలిచారు. 2008 తర్వాత వాళ్లకు అదే మొదటి కప్పు. పదహారు రోజులకు పోస్టెకోగ్లూకి ఉద్వాసన. ఎందుకంటే అదే సీజన్‌లో లీగ్‌లో 17వ స్థానం, 22 ఓటములు. ద్వారకానగర్‌లో ఉండే మా టోటెన్‌హామ్ మిత్రుడు ఆ పదహారు రోజుల్లోనే సంబరమూ సంతాపమూ రెండూ చేసుకున్నాడు.

క్లబ్ చేసింది సబబేనా అంటే, నా దృష్టిలో సబబే. కప్ పోటీలో ఏడెనిమిది మంచి రాత్రులు చాలు. లీగ్‌లో 38 మ్యాచ్‌లు ఆడాలి, లోపం ఉంటే దాచుకోవడం కుదరదు. దీనికి రివర్స్ తప్పు మేం చేశాం. 2024 మేలో సిటీ మీద ఎఫ్‌ఏ కప్ ఫైనల్ గెలిచాడని, లీగ్‌లో ఎనిమిదో స్థానంలో ఉన్న టెన్ హాగ్‌కి జూలైలో కాంట్రాక్టు పొడిగించారు. అక్టోబర్ 28న తీసేశారు. ఆ వేసవి అంతా అతను అడిగిన ఆటగాళ్లను కొనిపెట్టి మరీ తీసేశారు. టెన్షన్ ఎవరికయ్యా అంటే చూసే మాకు.

స్టైల్ సరిపోకపోతే ఆటగాళ్లను మార్చాలా, మేనేజర్ మారాలా?

అమోరిమ్ విషయంలో మా గదిలో కుర్చీలు విరిగేంత పనయ్యింది. లిస్బన్‌లోని స్పోర్టింగ్‌కి 19 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ తెచ్చినవాడు, అక్కడ వెనక ముగ్గురు డిఫెండర్లతో ఆడించి గెలిచాడు. 2024 నవంబర్‌లో యునైటెడ్‌కి వచ్చి అదే పద్ధతి పెట్టాడు. ఇక్కడున్న స్క్వాడ్ నలుగురు డిఫెండర్ల ఆట కోసం, మైదానం అంచుల్లో వింగర్లు పరుగెత్తే ఆట కోసం కొన్నది. సీజన్ మధ్యలో ప్రాక్టీస్‌కి టైమ్ లేదు. చివరికి 42 పాయింట్లు, 15వ స్థానం.

మొండివాడని తిట్టినవాళ్లున్నారు, పట్టుదల గలవాడని మెచ్చుకున్నవాళ్లున్నారు. నేను అడిగేది వేరు. నలుగురు డిఫెండర్ల కోసం కొన్న జట్టు చేతిలో పెట్టుకుని, ముగ్గురితో తప్ప ఆడించనివాడిని ఉద్యోగంలోకి తీసుకున్నది ఎవరు? అతను తన పద్ధతి ఏనాడూ దాచలేదే!

మేనేజర్‌కీ హెడ్ కోచ్‌కీ తేడా ఉందా, పేరేగా?

తేడా ఉంది. హెడ్ కోచ్ జట్టును తయారు చేసి ఆడిస్తాడు, కొనుగోళ్లు స్పోర్టింగ్ డైరెక్టర్ చూసుకుంటాడు. మేనేజర్‌కి కొనుగోళ్లలో కూడా మాట చెల్లుతుంది. అర్టెటా మొదట హెడ్ కోచ్‌గానే వచ్చాడు, 2020 సెప్టెంబర్‌లో హోదా మార్చి మేనేజర్ అన్నారు. లివర్‌పూల్‌లో క్లోప్ మేనేజర్, స్లాట్ హెడ్ కోచ్. ఇప్పుడు చాలా క్లబ్బులు హెడ్ కోచ్ వైపే మొగ్గుతున్నాయి, మనిషి మారినా పద్ధతి మారకూడదని.

టేబుల్ చూడకుండా ఇంకేం చూడాలి?

టేబుల్ చూడండి, కాకపోతే అదొక్కటే కాదు. ఒకే రకం గోల్ పదేపదే తింటున్నారా? కార్నర్ కిక్‌లకు ఆగస్టులో ఎలా తడబడ్డారో ఫిబ్రవరిలోనూ అలాగే తడబడుతుంటే ప్రాక్టీస్‌లో ఏదో జరగడం లేదు. నిరుడు మామూలుగా ఆడినవాడు ఈ ఏడు బాగుపడ్డాడా? కొత్తగా కొన్నవాడు మెరవడం కంటే, ఉన్నవాడు మెరుగుపడటమే కోచింగ్‌కి గట్టి సాక్ష్యం. అకాడమీ కుర్రాళ్లకు అవకాశం ఇస్తున్నది 4-0 గెలుపులో చివరి ఐదు నిమిషాలా, లేక స్కోరు 1-1 దగ్గర ఉన్నప్పుడా?

ఎక్స్‌జీ అని ఒక అంకె తెర మీద వేస్తారు కదా, దొరికిన అవకాశాలను బట్టి ఎన్ని గోల్స్ పడాలో అంచనా అది. ఒక మ్యాచ్‌కి దాన్ని పట్టుకుని ఊగకండి, పది పదిహేను మ్యాచ్‌లకు చూస్తే పనికొస్తుంది.

వైజాగ్‌లో కూర్చుని మనం అరిస్తే క్లబ్ వింటుందా?

వినదు. స్టేడియంలో సీట్లు ఖాళీ అయితే వింటుంది. 2021 ఏప్రిల్‌లో యూరప్ పెద్ద క్లబ్బులు విడిగా పెట్టుకోబోయిన సూపర్ లీగ్ ప్రకటన వచ్చినప్పుడు ఇంగ్లండ్ అభిమానులు రోడ్డెక్కితే ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ రెండు రోజుల్లో వెనక్కి తగ్గాయి. మనం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ తీర్మానాలు చేసుకోవచ్చు, అంతవరకే.

మన దేశపు జట్లకు ఈ లెక్కలు పనికొస్తాయా?

ఇంకా బాగా పనికొస్తాయి. ‘వెళ్లాక ఏం మిగిలింది?’ అన్న ప్రశ్నకు తెలుగు గడ్డ మీదే ఒక పెద్ద ఉదాహరణ ఉంది, అదీ సంతోషం కలిగించేది కాదు.

హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి 1963లో చనిపోయేదాకా భారత జట్టును నడిపాడు. 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మరోపక్క హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించేనాటికి ఆయనకు క్యాన్సర్. లాంగ్ టర్మ్ మేనేజర్ అంటే మనకు ఆయనకు మించినవాడు లేడు. ఆయన పోయాక భారత్‌కి ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు. అందులో ఆయన తప్పు ఏముంది? ఆయన లాంటి కోచ్‌లను తయారు చేసే ఏర్పాటు ఫుట్‌బాల్ సమాఖ్య దగ్గర లేకపోయింది.

దగ్గరి కాలంలో హైదరాబాద్ ఎఫ్‌సీ. మనోలో మార్కెజ్ కోచ్‌గా 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) టైటిల్, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలుపు. మరుసటి ఏడు లీగ్‌లో రెండో స్థానం. 2023లో అతను గోవా వెళ్లిపోయాడు, క్లబ్ డబ్బు ఇబ్బందుల్లో పడింది, ఆటగాళ్లు ఒక్కొక్కరూ తప్పుకున్నారు. 2023-24లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి టేబుల్ అట్టడుగున నిలిచారు. రెండేళ్ల కిందటి చాంపియన్లు! జీతాలు అందని చోట ఏ మేనేజర్ సరిపోతాడో చెప్పండి. విశాఖకు ఐఎస్‌ఎల్ జట్టు లేదని బాధపడే కుర్రాళ్లకు నేను ఈ కథే చెబుతాను: జట్టు రావడం కంటే ముందు, అది నిలబడే దారి చూడాలి.

రాత్రి ఒంటిగంటన్నర మ్యాచ్ చూసి పొద్దున్నే తీర్పు చెప్పొచ్చా?

చలికాలంలో చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు మనకు ఒంటిగంటన్నరకు మొదలై మూడున్నరకు అవుతాయి. ఆ నిద్రమత్తులో గ్రూపులో పెట్టే మెసేజ్‌లు పొద్దున పదింటికి చదువుకుంటే మనకే సిగ్గేస్తుంది. హైలైట్స్ మాత్రమే చూసి తీర్పు చెప్పేవాళ్లు ఇంకో రకం. గోల్స్ కనిపిస్తాయి, ఎనభై నిమిషాల పాటు మిడ్‌ఫీల్డ్ ఎందుకు తేలిపోయిందో కనిపించదు. గాజువాక అన్న ఒకాయన షిఫ్ట్ డ్యూటీ వల్ల మర్నాడు మ్యాచ్ మొత్తం రీప్లే చూస్తాడు, స్కోరు ఎవరినీ చెప్పనివ్వడు. మా అందరిలో అతని మాటే ఎక్కువసార్లు నిజమవుతుంది.

కొత్త మేనేజర్ వస్తే ఎన్నాళ్లు ఆగి మాట్లాడాలి?

ఆటగాళ్లను కొనడానికి ఏడాదిలో రెండే విండోలు, వేసవిలో ఒకటి, జనవరిలో ఒకటి. జనవరిలో మంచివాడిని ఏ క్లబ్ అమ్మదు, అమ్మినా ధర చుక్కలనంటుతుంది. కాబట్టి ఒక పూర్తి వేసవి, అంటే ఒక విండో, ఒక ప్రీ-సీజన్ అతనికి దక్కాలి. ఆ తర్వాత డిసెంబర్ దాకా చూడండి. మధ్యలో వచ్చినవాడైతే ఆ సగం సీజన్ లెక్కలోకి తీసుకోకండి, కింది డివిజన్‌కి పడిపోయే రెలిగేషన్ గండం ఉంటే తప్ప. ఆ గండమే ఉంటే ఈ జవాబులన్నీ పక్కన పెట్టండి, అప్పుడు క్లబ్‌కి కావలసింది లాంగ్ టర్మ్ కాదు, వచ్చే శనివారం మూడు పాయింట్లు.